భాస్వరాన్ని కొలిచిన భీమవరం వాడు: ఎముకల లెక్కలో యల్లాప్రగడ సుబ్బారావు

నిన్న మొన్నటి వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురంలో తెలుగు మాట వినడానికి పెద్దగా తిరగనక్కర లేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి సముద్రం దాటి వచ్చి చేపల వేటలో, కూలి పనుల్లో, చిన్న వ్యాపారాల్లో కుదురుకున్న కుటుంబాలు అండమాన్‌లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో వయసు మళ్లినవారి మంచం పక్కన ఈ రోజుల్లో తప్పక కనిపించే వస్తువులు రెండు. సుద్దముక్కల్లాంటి తెల్లని కాల్షియం మాత్రల పట్టీ ఒకటి, వారానికొకసారి పాలలో కలుపుకునే విటమిన్ డి పొడి పొట్లం ఒకటి. మోకాలి నొప్పికి కొందరు, నడుము నొప్పికి కొందరు, పక్కింటివారు వాడుతున్నారని మరికొందరు వాటిని మింగుతుంటారు. ఏ పరీక్ష చూసి రాశారు, ఎంతకాలం వాడమన్నారు అని అడిగితే జవాబు చెప్పగలిగేవారు తక్కువ.

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ఈ వ్యాసకర్తకు గుర్తుకు వచ్చే మనిషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. విటమిన్ డి ని కనిపెట్టినది ఆయన కాదు. ఎముకల వైద్యుడు అసలే కాదు. అయినా శరీరంలో ఏది లోపించింది, ఎంత లోపించింది, తిన్నది ఒంటికి ఎందుకు పట్టడం లేదు అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఆయన బ్రతుకంతా తిరిగింది. ఎముకల బలానికి మందులు వాడే పెద్దలు అడగవలసిన ప్రశ్నలూ ఆ మూడే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యం, చాలీచాలని సంపాదన, పెద్ద సంసారం. పదమూడో ఏట ఆ కుర్రవాడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడని, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతుడు కావాలనుకున్నాడని, తల్లి మధ్యదారిలోనే పట్టి వెనక్కి తెచ్చిందని జీవితచరిత్రకారులు రాశారు. రాజమహేంద్రవరంలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కింది. ప్రెసిడెన్సీ కళాశాల రోజుల్లో రామకృష్ణ మఠం వైపు మనసు పోయింది. సన్యాసానికి తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవా అవుతుంది, సంసారమూ నిలుస్తుంది అన్న రాజీతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో పెళ్లి జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చుకు అండగా నిలిచారు.

గాంధీజీ పిలుపు విని ఖద్దరు వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆయనకు ఖరీదైన పనే అయింది. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్నా తక్కువగా చూసే ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రభుత్వ వైద్య సర్వీసు తలుపు మూసుకుపోయింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు.

ఈలోగా ఇంట్లో ఒక వ్యాధి ప్రవేశించింది. దాని పేరు స్ప్రూ. ఉష్ణమండల దేశాల్లో ఆ రోజుల్లో తరచుగా కనిపించిన పేగుల జబ్బు అది. అన్న పురుషోత్తం దానికే బలయ్యారు. సుబ్బారావూ అదే జబ్బుతో మంచం పట్టారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని చెబుతారు.

స్ప్రూలో రోగి తింటూనే ఉంటాడు, తింటూనే చిక్కిపోతాడు. చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని ఆహారసారాన్ని పీల్చుకోలేదు. కొవ్వు జీర్ణం కాక విరేచనంలో పోతుంది. కొవ్వులో కరిగే విటమిన్లు, అందులో విటమిన్ డి కూడా, ఆ కొవ్వుతోనే పోతాయి. మిగిలిన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి సబ్బులాగా గట్టిపడి దాన్నీ బయటకు ఈడ్చుకుపోతాయి. నాలుక పుండవుతుంది, రక్తం పలచబడుతుంది, జబ్బు ముదిరితే ఎముక మెత్తబడుతుంది. కంచంలో అన్నీ ఉన్నా ఒంట్లో కరవే. కాల్షియం మాత్ర విషయంలోనూ మింగిన లెక్క వేరు, ఒంటికి పట్టిన లెక్క వేరు. పేగు జబ్బులు, కాలేయ మూత్రపిండాల జబ్బులు, మూర్ఛకు ఏళ్ల తరబడి వాడే కొన్ని మందులు, ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో వాడే స్టెరాయిడ్లు ఆ రెండో లెక్కను తలకిందులు చేస్తాయి. వైద్యుడి దగ్గర ఇవి దాచకుండా చెప్పుకోవలసిన సంగతులు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోను, మామగారి సాయంతోను సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవాలి, అన్నను తీసుకుపోయిన జబ్బు గుట్టు తెలుసుకోవాలి అన్నది కోరిక. చేతిలో డబ్బు లేదు. ఆయన వైద్య పట్టాకు అక్కడ విలువ లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరి, పగలు చదువుకున్నారు. డిప్లొమా పూర్తయ్యాక జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలకు చేరారు.

అది ఎముకల శాస్త్రం మలుపు తిరుగుతున్న కాలం. కాడ్ లివర్ నూనెలో రికెట్స్‌ను మాన్పే గుణం ఉందని ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కలపై ప్రయోగాలతో చూపి అప్పటికి కొద్ది ఏళ్లే అయింది. సుబ్బారావు ఓడ దిగిన 1922లోనే మెకాలమ్ బృందం ఆ గుణానికి కారణమైన పదార్థాన్ని విడిగా గుర్తించింది. విటమిన్ డి అన్న పేరు దానికే వచ్చింది. బాల్టిమోర్‌లో హౌలాండ్, క్రేమర్ అనే వైద్యులు రికెట్స్ పిల్లల రక్తంలో భాస్వరం తగ్గిపోతుందని గమనించారు. ఎముక అంటే కాల్షియం ఒక్కటే అనుకుంటాం. నిజానికి అది కాల్షియం, భాస్వరం కలిసి కట్టిన గోడ. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం, భాస్వరంలో 85 శాతం దాకా ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటాయి. కొద్దిపాటి మిగులు మాత్రమే రక్తంలోనూ కణాల్లోనూ తిరుగుతుంది. ఆ మిగులును సరిగా కొలవగలిగితే గోడ పరిస్థితి తెలుస్తుంది. కొలిచే సులువైన, నమ్మదగిన పద్ధతి మాత్రం లేదు.

ఫిస్క్ అప్పగించిన ఆ పనిని సుబ్బారావు సాధించారు. రక్తంలోని మాంసకృత్తులను ముందు తొలగించి, మిగిలిన ద్రవంలో ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ లవణం కలుపుతారు. భాస్వరం ఉంటే దానితో జత కడుతుంది. దానికి ఇంకొక రసాయనం తోడైతే ద్రవం నీలిరంగు తిరుగుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. తెలిసిన కొలత ఉన్న ద్రవం రంగుతో దీన్ని పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. 1925లో అచ్చయిన ఈ పద్ధతి ఫిస్క్, సుబ్బారావు పేర్లతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరింది. తరతరాల జీవరసాయన విద్యార్థులు ఆ నీలిరంగు చూసి పరీక్షలు రాశారు. ఇవాళ యంత్రాలు నిమిషాల్లో ముగించే భాస్వరం పరీక్షల్లోనూ మాలిబ్డేట్‌తో దాన్ని పట్టుకునే సూత్రం కొనసాగుతోంది.

ఆ అంకె పెద్దవారి ఎముకల సంగతిలో ఏం చెబుతుంది? వృద్ధాప్యంలో ఎముకకు వచ్చే చేటు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి గుల్లబారడం, ఆస్టియోపోరోసిస్. గోడలో ఇటుకలు తగ్గిపోతాయి, ఉన్న ఇటుక మాత్రం గట్టిదే. రక్తంలో కాల్షియం, భాస్వరం సాధారణంగా మామూలుగానే ఉంటాయి. ఎముక సాంద్రత కొలిచే స్కానింగ్‌లోనే అసలు సంగతి బయటపడుతుంది. రెండోది మెత్తబడడం, ఆస్టియోమలేసియా. ఇక్కడ ఇటుక కాలలేదు, పచ్చిగా ఉంది. విటమిన్ డి కొరతతో వచ్చినప్పుడు రక్తంలో భాస్వరం తగ్గుతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే ఎంజైము పెరుగుతుంది. తుంటిలో, తొడల్లో నొప్పి, మెట్లెక్కలేకపోవడం, బాతులా ఊగుతూ నడవడం దాని గుర్తులు. రెండో దానికి విటమిన్ డి, కాల్షియం అసలైన మందు. కొద్ది నెలల్లో మనిషి లేచి తిరుగుతాడు. మొదటిదానికి అవి తోడు మాత్రమే. ఎముక విరిగే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఎముక కరగడాన్ని ఆపే వేరే మందులు కావాలి. రెండింటికీ ఒకే పట్టీ మాత్రలు కొని తెచ్చుకుంటే ఒక ఇంట్లో అద్భుతం జరుగుతుంది, పక్కింట్లో ఏమీ జరగదు. అరిగిన మోకాలి కీలుకైతే ఈ రెండు లెక్కలూ వర్తించవు.

భాస్వరం కొలుస్తుండగా సుబ్బారావుకు ఒక చిక్కు ఎదురైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. మెల్లగా, ఆలస్యంగా వచ్చింది. ఇంకొకరైతే పరికరాన్ని తప్పుపట్టేవారు. భాస్వరం మరో పదార్థంతో ముడిపడి ఉండి కొంచెం కొంచెంగా విడివడుతోందని ఆయన, ఫిస్క్ గ్రహించారు. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండ్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఇంచుమించు అప్పుడే దాని జాడ పట్టారు. రెండేళ్ల తరువాత అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఎ.టి.పి. బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లోనే దాన్ని కనుగొన్నారు. ప్రాణి చేసే ప్రతి పనికీ చెల్లింపు జరిగే నాణెం అదేనని తరువాతి శాస్త్రం తేల్చింది.

ఇది ఎముకల కథ నుంచి దారి తప్పడం కాదు. పెద్దవారిలో తుంటి ఎముక విరగడానికి ముందు సాధారణంగా ఒక పడిపోవడం ఉంటుంది. వానకు నాచు పట్టిన గుమ్మం మీద కాలు జారిన క్షణంలో మనిషిని నిలబెట్టేది కండరం. ఆ రెండు మూడు సెకన్ల అత్యవసర శక్తి వచ్చేది ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ నుంచే. మే నుంచి డిసెంబరు దాకా వానలు విడవని దీవుల్లో స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ, రాత్రి వెలిగే దీపం, రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే అభ్యాసం, ఇవన్నీ ఎముకల వైద్యంలో భాగాలే. వీటికి చీటీ రాసేవారు లేరు కాబట్టి విలువ తక్కువగా కనిపిస్తుంది.

హార్వర్డ్‌లో ఆ తరువాతి పదేళ్లు సంతోషంగా గడవలేదు. 1930లో పి.హెచ్‌డి. వచ్చింది, స్థిరమైన పదవి రాలేదు. పరిశోధనల ఘనత ఫిస్క్ ఖాతాలోకే ఎక్కువగా పోయింది. ఆయనతో కలిసి పనిచేసి తరువాత నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు కనుగొన్నవి కొన్ని వెలుగు చూడక ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని బహిరంగంగానే అన్నారు. ఆయన మాత్రం ఆ విషయం మీద గొంతెత్తిన దాఖలాలు కనబడవు. 1940లో హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల సంస్థకు వెళ్లారు. పరిశోధన విభాగానికి నాయకుడయ్యారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. మరుసటి ఏడే క్యూబాలో టామ్ స్పీస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకిచ్చి చూశారు. పాలిపోయిన రోగులకు రక్తం పట్టింది, ఆకలి పుట్టింది. పాతికేళ్ల కిందట ఇంట్లో ఏ జబ్బు కన్నీళ్లు పెట్టించిందో దానికి మందు తన చేతుల మీదుగానే వచ్చింది. వైద్యచరిత్రలో ఇంతకన్నా సూటిగా తీరిన అప్పు ఈ వ్యాసకర్తకు తెలియదు.

ఆ ఫోలిక్ ఆమ్లమే మరొక పాఠమూ చెప్పింది. రక్తహీనతలో ఇంకొక రకం ఉంది, పెర్నీషియస్ రక్తహీనత. దానిలోనూ ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడింది. రోగి, వైద్యుడు ఇద్దరూ సంతోషించారు. కొన్ని నెలలకు అదే రోగికి కాళ్లు తిమ్మిరెక్కి, అడుగు తడబడడం మొదలైంది. లోపించింది ఫోలిక్ ఆమ్లం కాదు. 1948లో వేరుపడిన విటమిన్ బి12 అది. ఒక లోటు పూడినట్టు కనిపిస్తుంటే అసలు లోటు లోపల నరాలను తినేసింది.

విటమిన్ డి, కాల్షియం చరిత్ర కూడా ఇలాంటి మలుపులే తిరిగింది. 1992లో ఫ్రాన్స్‌లోని వృద్ధాశ్రమాల్లో 3270 మంది స్త్రీలపై జరిగిన పరిశీలనలో, రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి పొందినవారికి తుంటి విరుగుళ్లు స్పష్టంగా తగ్గాయి. వారి సగటు వయసు 84. ఎండ ఎరగరు, తిండి అంతంతమాత్రం. లోటు ఉంది కాబట్టి పూడ్చడం పనిచేసింది. అమెరికాలో 36 వేల మందికి పైగా, నెలసరి ఆగిపోయిన స్త్రీలపై జరిపి 2006లో వెల్లడించిన అధ్యయనంలో తుంటి విరుగుళ్లు చెప్పుకోదగినంత తగ్గలేదు, మూత్రపిండాల్లో రాళ్లు 17 శాతం పెరిగాయి. 2022లో వెలువడిన మరో పెద్ద పరిశీలనలో ఆరోగ్యంగా ఉన్న దాదాపు 26 వేల మందికి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినా ఎముకలు విరగడం తగ్గలేదు. ఆస్ట్రేలియాలో ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఒక్క మోతాదుగా ఇచ్చిన చోట పడిపోవడాలు, విరుగుళ్లు తగ్గకపోగా పెరిగాయి. మన దేశంలో దొరికే పొట్లం ఒక్కొక్కటీ 60 వేల యూనిట్లు. వారానికొకటని రాస్తే రోజుకొకటి వేసుకునేవారు, కోర్సు ముగిసినా ఏళ్లపాటు కొనసాగించేవారు ఉన్నారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మతిమరుపు, మూత్రపిండాల దెబ్బ దాకా పోయే ప్రమాదం అందులో ఉంది. వైద్యుడు నిదానించి రాసిన మందును ఈ వ్యాసం చదివి మానేయమని మాత్రం కాదు.

జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలని సూచించాయి. అరవై దాటినవారికి అవసరం ఇంకొంత ఎక్కువ. అది మాత్రలోనే రావాలని లేదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఉత్తరాంధ్ర పెద్దలు చోడి అంబలి అంటూ తాగిన దాంట్లో ఉన్నది అదే. ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు, పెరుగు, మునగాకు, నువ్వులు ఇక్కడి వంటింటికి కొత్తవి కావు. ఎండకైతే అండమాన్‌లో లోటు లేదు, వాన తెరిపి ఇచ్చినప్పుడు. డెబ్బై ఏళ్ల చర్మం పడుచు చర్మంలో సగం విటమిన్ డి కూడా తయారుచేయలేదు. అందువల్ల వేటకు వెళ్లి వచ్చే మనిషికీ, పక్షవాతంతో గది దాటని ఆయన తల్లికీ ఒకే సలహా కుదరదు. ఆమెకు మాత్ర కావాలి. ఆయనకు బహుశా అక్కర లేదు. మాత్ర వాడేవారు థైరాయిడ్ మందుకు, కాల్షియానికి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉంచాలి. దగ్గరగా వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు.

సుబ్బారావు పనిలో నికోబార్‌ను నేరుగా తాకినది మరొకటి ఉంది. లెడర్లీలో ఆయన నాయకత్వంలో 1947లో బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజైన్ అనే మందు వచ్చింది. హెట్రజాన్ పేరుతో అది లోకానికి తెలిసింది. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో ఉండే బోదకాలు క్రిమి తీరు దేశంలో మరెక్కడా లేనిది. మిగతా చోట్ల ఆ క్రిములు రాత్రివేళ రక్తంలోకి వస్తే, ఇక్కడ పగలు వస్తాయి. పగటి పూట కుట్టే అడవి దోమ వాటిని మోస్తుంది. దోమతెర కట్టుకుని పడుకుంటే తీరే సమస్య కాదు. శ్రీ విజయపురంలోని భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం ఆ మందును వంట ఉప్పులో కలిపి ఆ దీవులవారికి అందించే పద్ధతిని పరిశీలించింది. ఊరంతటికీ ఉన్న ముప్పు కాబట్టి ఊరంతా తినే ఉప్పులో మందు చేరింది.

విటమిన్ డి విషయంలోనూ దేశం ఇప్పుడు ఇలాంటి దారే పట్టింది. పాలలో, వంటనూనెలో ఏ, డి విటమిన్లు కలిపి అమ్మే ప్రమాణాలు వచ్చాయి. ప్యాకెట్ మీద ప్లస్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరం ఉంటే అది అలా బలపరచినదని అర్థం. పొట్లాల్లోని 60 వేల యూనిట్ల ముందు అది చిటికెడు. రోజూ అందే చిటికెడు కాబట్టి మోతాదు మించే భయం ఉండదు.

ఇదే సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలకు ఇచ్చారు. వాటి సంతతిలోని మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికి ఎందరో పెద్దలు వారానికొకసారి వాడుతున్నారు. ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ జాతి మందు కూడా ఆయన హయాంలోనే, బెంజమిన్ డగ్గర్ చేతుల్లో రూపుదిద్దుకుంది. ఏ ఒక్కదాని మీదా ఆయన సొంత పేరు పెద్దగా కనబడదు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53. అమెరికాలో పాతికేళ్లకు పైగా ఉండి ఒక్కసారి కూడా స్వదేశానికి రాలేకపోయారు. తాను బయలుదేరాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆ బిడ్డను చూడలేదు. శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన శతజయంతి సంవత్సరం 1995లో భారత తపాలా శాఖ ఒక స్టాంపు విడుదల చేసింది.